ఎవరి ఎడమకాలికి?

ఆ రోజు పొద్దుటి నుంచి బూరా వీస్తోంది. కొండల మీద నుంచి సముద్రంలోకి దూకే ఆ గాలి మొదలైతే మా రియెకా ఊళ్లో ఎవరికీ కుదురుండదు. నాకైతే మామూలు రోజుల్లోనే ఉండదు. మా మెకానిక్ ఫ్రాంకో షెడ్డు రేకులు దడదడలాడుతున్నాయి. మా కారును పైకెత్తి, గేర్‌బాక్స్ విప్పి కింద పెట్టారు. అరిగిపోయిన క్లచ్ ప్లేటు బల్ల మీద పడి ఉంది. కొత్తది ఏ రకం వేయాలో సాయంత్రంలోగా చెప్పాలి, లేకపోతే గ్రోబ్నిక్ ట్రాక్ మీద ఈ ఏటి మొదటి రేసుకు కారు అందదు.

మాకున్నది ఒకటే కారు. వారమంతా అది ఊళ్లో తిరగాలి, ఆదివారం అదే రేసులో పరిగెత్తాలి. ఇదివరకు ట్రాక్ మీద నడిపేది మా ఆయన లివియో. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని గోడ దగ్గర నిలబడేదాన్ని. రెండేళ్ల కిందట అతను ఓడరేవు మెట్ల మీద జారిపడి ఎడమ మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు అయ్యాయి. అప్పటి నుంచి స్టీరింగు నాది. చెప్పుకోవడానికి మొహమాటమెందుకు, నేను అతని కంటే బాగా నడుపుతున్నాను.

ఈ మధ్యనే డాక్టరు, ఇక మెల్లగా కారు నడపవచ్చు అన్నాడు. మెల్లగా అన్న మాట లివియో ఏనాడూ చెవిన వేసుకున్నవాడు కాదు. ఆ కబురు విని అతన్ని కావలించుకున్నాను, ముద్దు పెట్టుకున్నాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. అతని కాలు తిరిగొస్తే నా సీటు పోతుంది.

ఫ్రాంకో మా ఇద్దరికీ రెండు రకాలు చూపించాడు. ఒకటి గట్టిది, దాంతోపాటు తేలికైన ఫ్లైవీల్. ఇంజను వెనకాల తిరిగే ఆ ఇనుప చక్రం ఎంత తేలికైతే ఇంజను అంత చురుగ్గా లేస్తుంది, గేరు చిటికెలో మారుతుంది. కానీ పెడల్ రాయిలా ఉంటుంది, మా ఊరి ఎత్తుల మీద కాలు కాస్త తడబడితే చాలు, ఇంజను ఆగిపోతుంది. రెండోది స్ప్రింగులున్న మెత్తటి రకం, బరువైన ఫ్లైవీల్. ఎత్తు మీద ఓపిగ్గా కదులుతుంది, ట్రాక్ మీద బద్ధకిస్తుంది. గట్టిది వేస్తే లివియో ఇక ఈ కారు నడపలేడు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఫ్రాంకో దగ్గర ఒక పద్ధతి ఉంది. షెడ్డు మూలన పాత రేసు సీటొకటి నేలకు బిగించాడు. దాని ముందు ఒక క్లచ్ పెడల్, దాని వెనక ఏ రకం కావాలంటే ఆ రకం ప్లేటు తగిలిస్తాడు. ఆ సీట్లో కూర్చుని, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంతసేపు తొక్కి చూపిస్తే గానీ ఎవరికీ క్లచ్ అమ్మడు.

"కూర్చో అమ్మాయ్," అన్నాడు. గట్టిది తగిలించాడు.

తొక్కాను. తొడ మండిపోయింది.

"ఎలా ఉంది?"

"వెన్నలా ఉంది, బార్బా." మా వైపు పెద్దవాళ్లను అలాగే పిలుస్తాం.

"నీ మొహం చూస్తే అలా లేదే. సరే, దిగు. లివియో, నువ్వు రా."

"నేనెందుకు? నడిపేది ఒండీనా. ఆ గట్టిదే వేసెయ్."

"నడిపేవాళ్లంతా కూర్చోవాలి."

"ఒక్కతే నడుపుతుందని చెప్తున్నాగా. చెవుడా నీకు?"

అతను అంత తేలిగ్గా అనేసరికి నాకు ఒళ్లు మండింది. అతను పోట్లాడతాడని, నేను గెలవాలని, దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుని వచ్చాను. అవన్నీ దండగైపోయాయి. కాఫీ తెస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

తిరిగి వస్తూ కిటికీలోంచి చూశాను. ఫ్రాంకో లేడు. లివియో ఆ సీట్లో కూర్చుని ఉన్నాడు. పెడల్ వెనక ఉన్నది గట్టి ప్లేటే. కాలు సగం దాకా వెళ్లి ఆగిపోయింది. రెండు అరచేతులూ మోకాలి మీద ఆనించి కిందికి నొక్కాడు. పెడల్ దిగింది. పళ్లు బిగించి మళ్లీ నొక్కాడు. గాలికి కాఫీ నా చేతి మీద ఒలికింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

"ఏం చేస్తున్నావ్?"

ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదు. కుర్చీ బావుందని కూర్చున్నా."

"దొంగచాటుగానా? ఆవిడే నడుపుతుందని పెద్ద మనిషిలా చెప్పి, నేనటు వెళ్లగానే ఇదా? నా సీటు కావాలంటే మొహం మీద అడుగు. ఇవ్వను. విన్నావా? ఇవ్వను! నీ కాలు బాగవకపోతే బావుండునని కూడా అనుకున్నా. చాలా?"

ఆ మాట నోరు దాటాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు. అప్పుడే లోపలికి రాబోయిన ఫ్రాంకో గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

లివియో చొక్కా చేత్తో చెమట తుడుచుకున్నాడు. "నీ సీటు ఎవడిక్కావాలే? నువ్వు నాకంటే ఫాస్టని నాకు తెలీదా? ఇప్పుడా గడియారం పట్టుకునేది నేనే కదా."

"మరి?"

"రొట్టె కొనుక్కోవాలి నాకు."

"ఏంటి?"

"రొట్టె! ఒండీనా, రొట్టెల కొట్టు దాకా తీసుకెళ్లు. ఒండీనా, చేపల బజార్లో దింపు. ఒండీనా, వానొస్తోంది, వచ్చి తీసుకుపో. లేచిన దగ్గర్నుంచి ఇదే గోల. నువ్వు విసుక్కోవు కూడా, అదే నాకు చావొచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఇంట్లోంచి బయటపడాలనుందే. ఎటో ఓ వైపు. ఊరికే. నువ్వు గట్టిదే వేయించుకో. నేనెలాగో తొక్కగలనా అని చూస్తున్నా, అంతే."

"రెండు చేతుల్తోనా?"

"చేతుల్తో అయితే ఏం?"

"మరి స్టీరింగు మీ తాత పట్టుకుంటాడా?"

అతను మోకాలి మీంచి చేతులు తీసేశాడు. నేను పక్కనున్న టైరు మీద కూలబడ్డాను. సిగ్గేసింది. ఇన్నాళ్లూ అతన్ని తీసుకెళ్తున్నానని, దింపుతున్నానని, నేనెంత మంచిదాన్నో అని మురిసిపోయాను. ఇంత సిగ్గులోనూ, మెత్తటిది వేస్తే ల్యాపుకు ఎన్ని సెకన్లు నష్టమో ఒక పక్కన లెక్క వేసుకుంటూనే ఉన్నాను. నా బుద్ధే అంత.

"బార్బా! లోపలికి రండి, కొట్టుకోవడం అయిపోయింది. మెత్తటి క్లచ్చే వేయండి."

"ఫ్లైవీల్ కూడా బరువుదేనా?" అన్నాడు ఫ్రాంకో తల లోపలికి పెట్టి.

"అదొద్దు. తేలికది."

"కొజాలా కొండ ఎత్తు మీద ఆగిపోతాడు మీ ఆయన."

"మధ్యరకం ఉండదా?"

"ఉంటుంది."

లివియో వైపు తిరిగాను. "మొదట్లో ఆగిపోతావ్. వెనకాల హారన్లు కొడతారు, తిట్లు తింటావ్. తర్వాత అలవాటైపోతుంది. సరేనా?"

"తిట్లు ఇంట్లో అలవాటే," అన్నాడు.

బిగింపు అయిన రోజు ఫ్రాంకో తాళంచెవి మా ఇద్దరి మధ్య చాచి పట్టుకున్నాడు. లివియో తీసుకున్నాడు. నేను పక్క సీటు కోసం అటు తిరిగి వెళ్లేలోపు కారు కదిలింది. గేటు దగ్గర ఎగిరిపడి ఆగిపోయింది. నేను గబగబా అడుగేశాను. మళ్లీ స్టార్టయింది, మలుపు తిరిగి వెళ్లిపోయింది.

"నిన్ను మర్చిపోయాడమ్మాయ్," అన్నాడు ఫ్రాంకో.

"లేదు బార్బా," అన్నాను.

బస్సులో ఇంటికి వచ్చాను. మా వీధిలో కారు పెట్టే చోటు ఖాళీగా ఉంది. కిటికీ దగ్గరికి వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. రెండేళ్లలో అతను ఏ నిమిషం ఎక్కడున్నాడో నాకు తెలియని రోజు లేదు. ఇప్పుడు తెలియదు. ఫోన్ తీసి అతని పేరు దాకా వెళ్లాను. నొక్కకుండా బల్ల మీద పెట్టేసి, దానికి దూరంగా వెళ్లి కూర్చున్నాను.