బేరింగ్ సముద్రంలో ఆల్బట్రాస్

1985 సెప్టెంబరులో ఆండాళ్ బేరింగ్ సముద్రంలో, ఒక జపాన్ చేపల ఓడ మీద ఉంది. అలాస్కా నీళ్లలో వేటాడే విదేశీ ఓడల్లో ఏం పడిందో రాసుకోవడానికి అమెరికా ప్రభుత్వం మనుషులను పంపేది. ఆరేళ్లప్పుడు అమ్మానాన్నలతో అమెరికాలోని నేపర్‌విల్ వచ్చి అక్కడే పెరిగిన ఆండాళ్, ఇరవైమూడేళ్లకు ఆ పనిలో చేరింది.

ఆ ఉదయం గాలాల తాడును యంత్రం పైకి లాగుతోంది. ఎర కోసం ఎగబడిన పెద్ద పక్షి ఒకటి గాలానికి తగులుకుని, రెక్కలు కొట్టుకుంటూ పైకి వచ్చింది. పసుపు తల, గులాబీ ముక్కు, కొసన నీలం. ఆండాళ్ చూడగానే గుర్తుపట్టింది. ఆ జాతి ఆల్బట్రాస్ పక్షులు లోకమంతటా వెదికినా కొద్ది వందలే. ఈకల కోసం చంపి చంపి, ఒక దశలో ఒక్కటీ మిగల్లేదనుకున్నారు.

"స్టాప్!" అని అరిచింది.

ఓడ కెప్టెన్, సైతో అనే జపానీయుడు, యంత్రం ఆపి పరుగెత్తుకొచ్చాడు. పక్షి తల మీద తువ్వాలు కప్పి, రెక్కలు విప్పకుండా గుండెకు అదుముకున్నాడు. ఆండాళ్ గాలం ముల్లు కత్తిరించి, మిగిలిన కొక్కేన్ని మెల్లగా వెనక్కి లాగింది. ఈలోగా పక్షి ఆమె మణికట్టును గట్టిగానే కరిచింది.

తడిసి బరువెక్కిన ఆ పక్షిని ఖాళీ అట్టపెట్టెలో కూర్చోబెట్టారు. ఆమె పుస్తకంలో 'బతికింది', 'చచ్చింది' అని రెండు గడులున్నాయి. రెండూ ఖాళీగా వదిలేసి పెట్టె పక్కనే కూర్చుంది.

మధ్యాహ్నానికి పెట్టెలో గీరుతున్న చప్పుడు. ఇద్దరూ కలిసి దాన్ని ఓడ వెనక్కి మోసుకెళ్లి వంచారు. పక్షి నీళ్లలో పడి, అలల మీద ఊరికే తేలుతూ ఉండిపోయింది. ఉన్నట్టుండి గాలికి ఎదురుగా నీటి మీద పరుగెత్తి, లేచిపోయింది.

సైతో అక్కడే చతికిలబడ్డాడు.

"మా తాతల కాలంలో వీటిని కర్రలతో కొట్టి చంపారు," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. తర్వాత లేచి, పక్షులు గాలాల దగ్గరికి రాకుండా చేపల వ్యర్థాలు ఇకపై గాలాలు లేని వైపే పారబోయమని పనివాళ్లకు చెప్పాడు.

నాలుగు రోజుల తర్వాత ఓడ రేవు చేరగానే ఆండాళ్ ఇంటికి ఫోన్ చేసింది. తండ్రి దక్షిణామూర్తి ఎత్తారు.

"నాన్నా, ఒక బర్డ్‌ని సేవ్ చేశాం! ఫ్లై చేసింది నాన్నా, నేను చూశాను!"

"నీకేం దెబ్బలు తగల్లేదు కదా?"

"కొంచెం కరిచింది, అంతే. ఐ యామ్ ఫైన్."

"మరి ఏడుస్తావెందుకే?"

"తెలీదు. ఇప్పుడే ఊపిరి వస్తున్నట్టుంది."

అవతల ఆయన నవ్వడం వినిపించింది.

"ఉండు, మీ అమ్మ లోపలి గదిలో ఫోన్ ఎత్తుతోంది. మళ్లీ మొదట్నుంచీ చెప్పు."