బల్లకట్టుకు జోడి బండి

అచ్చుతప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి. నాకు యాభై ఎనిమిదో ఏట గానీ అక్షరాలు రాలేదు. ఇప్పటికీ ఒక్క పేజీ నింపేసరికి పొద్దు నెత్తి మీది నుంచి దిగిపోతుంది. నాకు దిద్దబెట్టింది జయశీల. కాంటా చిట్టీలకు వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, వాటి మీదే దిద్దించింది. ఇది ఆమె నాకు చెప్పిన సంగతి.

రుద్రారం దగ్గర హైవే పక్కనున్న కాంటాలో జయశీల పద్దెనిమిదేళ్లు పనిచేసింది. లారీలను తూచే కాంటా అది. బండి ఇనప పలక మీదికి ఎక్కితే గదిలో అంకె వెలుగుతుంది, ఆమె చిట్టీ కొట్టి ఇస్తుంది. మొదట్లో అంకె చూసి బరువు చెప్పేది. పోనుపోను బండిని చూసి బరువు అనుకుని, అంకె సరిగ్గా ఉందో లేదో చూసుకునేది. ఆమెతో పందెం కట్టి ఓడి చాయ్ తాగించని డ్రైవరు ఆ దారిలో లేడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ కాంటా పోయింది. నాలుగు నెలలు ఖాళీగా కూర్చుంది. తిరగని కంపెనీ లేదు. యాభై రెండేళ్ల మనిషిని ఎవరు పెట్టుకుంటారు? దాచుకున్నదంతా అయిపోవస్తుండగా కృష్ణ అవతల, పల్నాడు వైపు నుంచి ఫోన్ వచ్చింది. చంద్రకాంత్ అనే ఆయనకు అక్కడ మిర్చి కోల్డ్ స్టోరేజి ఉంది. కొత్తగా కాంటా పెట్టాడు. జీతం ఇరవై రెండు వేలు, ఉండటానికి గది. శనివారం పదకొండు గంటలకు ముగ్గురిని రమ్మన్నాడు, ముగ్గురిలో ఒకరిని అప్పుడే ఖాయం చేస్తానన్నాడు. ఖాయమైన మనిషి ఆ పూటే పనిలో చేరాలి.

అందుకే కారు. పరుపు, గ్యాస్ పొయ్యి, బియ్యం సంచి, రెండు గిన్నెల మూటలు బస్సులో ఎట్లా తీసుకుపోతుంది? భర్త పోయాక ఆయన పాత కారును ఆమే నేర్చుకుని నడుపుతోంది. తోడుగా మరిది బర్నబా బయల్దేరాడు. బీరంగూడలో ఉంటాడు, ప్లాంటులో రిటైరయ్యాడు, చేతిలో ఫోన్ ఉంటే ప్రపంచం తన జేబులో ఉన్నట్టే అనుకుంటాడు.

"వదినా, వంతెన మీదికెల్లి పోతే ఎనభై కిలోమీటర్లు చుట్టు," అన్నాడు ముందురోజు ఫోన్ గీకుతూ. "కారును నది దాటించే ఓడలు ఎక్కడున్నయో సూసిన. ఒకటి దొరికింది. ఏసీ గదులు గూడ ఉన్నయి."

"ఎక్కడ?"

"గుజరాత్ల."

"పల్నాడుకు గుజరాత్ మీదికెల్లి పోదమా? ఆ ఫోన్ పక్కకు పెట్టు జెర."

ఆమె రుద్రారం వెళ్లి, చాయ్ బండి దగ్గర ఆగిన లారీ డ్రైవర్లను అడిగింది. అందరూ తెలిసినవాళ్లే. అందులో ఒక పెద్దాయన విడమరిచి చెప్పాడు. "హుజూర్‌నగర్ దాటినంక కృష్ణ మీద బల్లకట్టు ఉంటది సెల్లె. బండ్లను గూడ దాటిస్తరు. పోంగనే స్పెషల్ అనకు. స్పెషలంటే నీ ఒక్క బండి కోసమే ట్రిప్పు, రెండున్నర వేలు గుంజుతరు. పొద్దుగాల్నే పోయి ఒడ్డుకు నిలబడు. పెద్ద బండి ఏదన్న వచ్చిందనుకో, ట్రిప్పు ఖర్సంత దాని మీద పోతది. నువ్వు దాని పక్కకు జోడి. రెండువందల యాభై ఇచ్చి దాటుతవు."

తెల్లవారక ముందే బయల్దేరి తొమ్మిదింటికి రేవు చేరారు. రేవంటే మట్టి దారి చివర నీళ్లు, నీళ్ల మీద బల్లకట్టు. పెద్ద పెద్ద ఇనప పీపాల మీద బల్లలు పరిచి, పక్కన మరపడవ కట్టారు. దాన్ని నడిపే భీమశంకరం తాటాకు పందిరి కింద కూర్చుని కారును ఎగాదిగా చూశాడు.

"స్పెషలా అమ్మా?"

"గాదు. జోడి."

భీమశంకరం మొహం ముడుచుకున్నాడు. "ఎవలు జెప్పిన్రు నీకు జోడి సంగతి?"

"నీ దగ్గర దాటినోళ్లే జెప్పిన్రు."

"అయితే కూసో. పెద్ద బండి వచ్చినప్పుడే."

కూర్చున్నారు. నాలుగు మోటారు సైకిళ్లు వచ్చాయి. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక ఆమె వచ్చింది. నది అవతల ఒడ్డు సన్నటి గీతలా కనిపిస్తోంది. దాటడానికి అరగంట, అక్కడి నుంచి కోల్డ్ స్టోరేజికి ఇరవై అయిదు నిమిషాలు. పదింటికల్లా బల్లకట్టు కదిలితేనే పని. బర్నబా గడియారం చూసినప్పుడల్లా ఆమె నీళ్లు చూసింది.

"పోనీ స్పెషల్ ఇచ్చేద్దాం వదినా. నేనిస్త."

"నువ్విస్తే మాత్రం రెండున్నర వేలు రెండున్నర వేలు గాదా? ఊకో."

పది గంటలకు పది నిమిషాలు ఉందనగా మట్టి దారిలో డీసీఎం లారీ ఒకటి వచ్చింది. టార్పాలిన్ కట్టి ఉంది, సిమెంటు లోడు. లోపల డ్రైవరు నర్సన్న, ఇద్దరు హమాలీలు. భీమశంకరం లేచి నిలబడ్డాడు.

"ఎంతుంది?"

నర్సన్న చిట్టీ చూపించాడు. ఎనభై బస్తాలు, నాలుగు టన్నులు. బండితో కలిపి ఏడున్నర.

"నా బల్లకట్టుకు తొమ్మిది దాక పర్వలేదు. అమ్మా, నీ కారు ఒక టన్ను. ఎక్కియ్యి. నీ జోడి దొరికింది."

బర్నబా చప్పట్లు కొట్టినంత పని చేశాడు. జయశీల తాళంచెవి తీసుకుని లేచింది. లేస్తూ, అలవాటు కొద్దీ, డీసీఎం వెనక చక్రాల వైపు చూసింది.

టైర్ల పొట్టలు ఉబ్బి ఉన్నాయి. నాలుగు టన్నులకు అంత ఉబ్బవు. కానీ బండి వెనక భాగం కుంగలేదు. ఎందుకు కుంగలేదు? ఆమె కొంగు సర్దుకుని, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగింది. చక్రాల మీద బరువు మోసే ఉక్కు పట్టీలు, కమాన్లంటారు, వాటిలో మూడు పట్టీలు కొత్తవి. మిగతావి తుప్పు రంగు, ఈ మూడు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎక్కువ బరువు వేసినా బండి కుంగినట్టు కనపడకుండా పటాన్‌చెరులో ఎంతమంది అలా పట్టీలు వేయించుకుని తన కాంటా ఎక్కారో!

అంటే చిట్టీ మీద రెండు టన్నులు ఎక్కువ, మొత్తం తొమ్మిదిన్నర. కారుతో పదిన్నర. పైన మోటారు సైకిళ్లు, మనుషులు, చంటిబిడ్డ.

ఆమె రెండు అడుగులు కారు వైపు వేసింది. నోరు మూసుకుంటే పదకొండుకు అక్కడ ఉంటుంది. ఒకటిన్నర టన్ను ఎక్కువైతే మునుగుతుందని రాసి పెట్టి ఉందా? గాలి లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నోరు తెరిస్తే డీసీఎం వెనక్కి తిరుగుతుంది, జోడి పోతుంది, ఉద్యోగమూ పోతుంది. మూడో అడుగు పడలేదు.

"భీమశంకరం అన్నా, ఆ బండిని ఎక్కియ్యకు. రెండు టన్నులు ఎక్కువున్నది."

నర్సన్న దిగివచ్చాడు. "ఏందక్కా, ఏం మాట్లాడుతున్నవ్? చిట్టీ ఉన్నది గద."

"చిట్టీ ఉన్నది తమ్మీ. చిట్టీ కొట్టిచ్చినంక ఎక్కిచ్చిన బస్తాలు గూడ ఉన్నయి. నలభై."

"నీకు కలొచ్చిందా?"

"కొత్త పట్టీలు మూడు ఎక్కడ ఏయించినవ్? మంచిగ ఏసిండు మేస్త్రీ. టైర్లు దాచనీకె మాత్రం ఆయన తోటి గాలే."

హమాలీల్లో ఒకడు ఫక్కున నవ్వాడు. నర్సన్న వాణ్ని చూసిన చూపుకు వాడు నవ్వు మింగేశాడు. భీమశంకరం పోయి టార్పాలిన్ తాడు విప్పాడు. ఒక్కో వరసా వేలుతో చూపిస్తూ పైకే లెక్కపెట్టాడు. నూట పద్దెనిమిది.

"రెండు తప్పినయి వదినా," అన్నాడు బర్నబా.

"కాంటా ఇడిసి నాలుగు నెలలయింది, కండ్లు మసకయినయి," అందామె.

భీమశంకరం మాత్రం నవ్వలేదు. చంటిబిడ్డ తల్లి వైపు ఒకసారి, నీళ్ల వైపు ఒకసారి చూశాడు. "తియ్యి నీ బండి," అన్నాడు నర్సన్నతో. "వంతెన మీదికెల్లి పో."

"ఎనభై కిలోమీటర్లా? డీజిలు నువ్వు పోస్తవా?" నర్సన్న జయశీల మీదికి తిరిగాడు. "సల్లగుండు అక్కా. నా పని జెడగొట్టినవ్, నీ పని జెడగొట్టుకున్నవ్. ఇగ ఇద్దరం కూసుందం."

"కూసునేటి తీరిక నాకు లేదు," అంది జయశీల. "ఇను. ఎక్కువున్న ముప్పై ఎనిమిది బస్తాలు ఈడ్నే దించు. అప్పుడు నీ బండి చిట్టీల ఉన్న బరువే అయితది. నీ పక్కకు నా కారు. దించిన బస్తాలు తర్వాత ట్రిప్పుకు ఒక హమాలీ తోటి వస్తయి. అన్నా, ముప్పై ఎనిమిది బస్తాలకు ఏమడుగుతవ్?"

"అయిదు వందలు."

"బస్తాలు కుర్సీల కూసుంటయా? రెండు వందలు తీస్కో."

నర్సన్న మూతి అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి హమాలీల వైపు చేయి ఊపాడు. వాళ్లతోపాటు మోటారు సైకిళ్లవాళ్లు కూడా అందుకున్నారు. బర్నబా అరవై మూడేళ్ల వయసులో రెండు బస్తాలు మోసి, మూడోదాన్ని పట్టుకుని ఫొటో దిగాడు. అయినా దించేసరికి పదీ ఇరవై అయిదు అయింది. డీసీఎం ముందుగా, దాని పక్కన కారు. బల్లకట్టు ఒక్కసారి ఒరిగి సర్దుకుంది. మరపడవ ఇంజను గొంతు సవరించుకుంది.

నది నడిమధ్యలో ఉండగా చంద్రకాంత్ ఫోన్ చేశాడు.

"ఏవమ్మా, ఎక్కడి దాకా వచ్చారు? మిగతా ఇద్దరూ వచ్చి కూర్చున్నారు ఇక్కడ."

"బల్లకట్టు మీద ఉన్న సార్. పదకొండూ ఇరవైకి వస్త." ఆలస్యం ఎందుకయిందో దాచకుండా చెప్పింది.

"ఇదేమన్నా సాకా?"

"సాకు గాదు సార్. ఆగుతనంటే ఆగున్రి. లేదంటే ఇప్పుడే చెప్పున్రి, ఇదే బల్లకట్టు మీద మళ్లిపోత. అటు దిక్కు నుంచి గూడ జోడి దొరుకుతది నాకు."

"రా అమ్మా," అన్నాడు.

ఆమె చేరేసరికి మిగతా ఇద్దరి పరీక్షా అయిపోయింది. చంద్రకాంత్ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, ఏమీ అడగకుండా ఎవరికో ఫోన్ కలిపి బల్ల మీద పెట్టాడు. గట్టిగా మాట వినపడేట్టు పెట్టాడు. అవతల భీమశంకరం.

"ఆ కారమ్మ సంగతా సార్? మా పానాలు కాపాడింది. ఆమె లెక్క నూట ఇరవై, ఉన్నయి నూట పద్దెనిమిది. కాని సార్, కిరాయి మాత్రం రెండువందల యాభై మీద పైస ఎక్కువ రాలలే."

చంద్రకాంత్ ఫోన్ పెట్టేసి, గడ్డం రుద్దుకున్నాడు. "ముందు వచ్చినాయనకు మిషను బాగా వచ్చు. రెండో ఆయన నాకు తెలిసినవాడి బావమరిది. అయినా సరే, కాంటా మీరు చూసుకోండి. మూడు నెలలు చూస్తాను. ఇరవై వేలు."

"ఇరవై రెండన్నరు సార్."

"ఆలస్యంగా వచ్చారు కదమ్మా."

"ఆలస్యం ఇయ్యాల ఒక్కరోజే సార్. జీతం ప్రతి నెల."

ఆయన ఆమెను, ఆ తర్వాత కిటికీ బయట ఉన్న కాంటాను చూశాడు. అప్పటికే దాని ముందు మిర్చి ట్రాక్టర్లు వరసకట్టాయి. మొదటి ట్రాక్టరు రైతు హారన్ కొట్టి కొట్టి విసుగొచ్చి దిగి నిలబడ్డాడు.

"సరే, ఇరవై రెండు. గది తర్వాత చూద్దురు గానీ, ముందు ఆయన్ను పంపించండి."

జయశీల చేతులు కడుక్కుని కాంటా గదిలోకి వెళ్లింది. బర్నబా కారు మీది పరుపు తాడు విప్పడం మొదలుపెట్టాడు.

ముత్యమ్మ, అరవై నాలుగేళ్లు, ఇప్పుడు ఉండేది పటేల్‌గూడ.