కాణిపాకంలో వాలిన తల

మునస్వామి పురుగుమందు తాగలేదు. ఆ సంగతి అతనికి తెలుసు, భార్య నాగులమ్మకు తెలుసు, మామిడితోట యజమాని ప్రతాప్‌కు అందరికన్నా బాగా తెలుసు. పూతకు తేనెమంచు పురుగు పట్టిందని పొద్దుటినుంచి మందు కొట్టించినవాడు అతడే. వీపు మీది పంపు కారుతున్నదని మునస్వామి రెండుసార్లు చెప్పాడు. గోనెపట్టా కప్పుకొమ్మని జవాబు వచ్చింది. మధ్యాహ్నానికి వీపంతా తడిసి, నోట నురుగు కక్కుతూ అతడు చెట్టు మొదట్లో కూలిపోయాడు.

సాయంత్రానికి వాళ్ళ ఊరు ఐరాలలో పాకిన మాట వేరు. ఇంట్లో గొడవపడి మునస్వామి మందు తాగాడట.

చిత్తూరు ఆసుపత్రిలో రెండు రోజులు సూది మీద సూది వేశారు. నురుగు ఆగింది, చెమటలు ఆగాయి. మూడోనాటి ఉదయం అతడు నవ్వాడు కూడా.

“ఆ కంపు తాగేదానికన్నా నీ పులుసే మేలు గదమే.”

“నగుతా ఉండు. మొగుడు ఇసం తాగేదాకా తెచ్చిందని ఊరంతా నన్నంటా ఉండారు.”

ఆ ప్రాంతంలో సాక్షులు లేని తగాదాకు ఒకటే తీర్పు. కాణిపాకం వెళ్ళి, గుడి కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేయాలి. ఆ తరువాత ఎవరూ నోరెత్తరు. తాగలేదని మునస్వామి ప్రమాణం చేస్తే తప్పు పంపుదేనని ఒప్పుకుంటానని, అదీ ఈరోజే జరగాలని ప్రతాప్ కబురంపాడు.

నర్సు ప్రసన్నకుమారి అడ్డుపడింది. “ఇంకా రెండు దినాలు ఈడే ఉండాల. ఈ మందు వదిలినట్టే వదిలి మళ్ళా పట్టుకుంటాది.”

“రెండు గంటల్లో వస్తామమ్మా. సామి కాడికే గదా పొయ్యేది,” అని నాగులమ్మ, తన పూచీ మీద తీసుకుపోతున్నానన్న కాగితం మీద వేలిముద్ర వేసింది.

ఆటోలో అతని తల ఆమె భుజం మీద వాలింది. నీరసమనుకుంది. నీళ్ళు పట్టిస్తే సగం ముక్కులోంచి వచ్చాయి. పొలమారిందనుకుంది. గుడి దగ్గర ప్రతాప్, ఊరిపెద్ద మునిరామయ్య, మరో పదిమంది నిలబడి ఉన్నారు. ఆమె చంక కింద చేయివేసి అతణ్ణి ముంచింది, దేవుడి ముందు నిలబెట్టింది.

“నేను మందు...” అన్నాడు మునస్వామి. మాట ముక్కులోంచి వచ్చింది. అంతలో తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనింది. రెండు చేతులతో నుదురు పట్టుకుని ఎత్తబోయాడు. చేతులూ జారిపోయాయి.

“అబద్ధం సెప్పేటోని తల ఆ సామి ముందర నిలబడదప్పా,” అన్నాడు మునిరామయ్య.

ప్రతాప్ చెప్పులు వేసుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు.

అప్పటిదాకా ఊరి మాటను ఒక్క క్షణమైనా నమ్మని నాగులమ్మ, వాలిన ఆ తలను చూసి నమ్మింది. అతని చెవి దగ్గర నోరుపెట్టి అడిగింది:

“తాగినావా? నాకు తెలీకుండా తాగినావా?”

సగం మూతపడిన రెప్పల కింద అతని కళ్ళు ఆమెవైపు తిరిగాయి. పెదవులు కదిలాయి. మాటకు సరిపడా ఊపిరి లేదు. తిరుగు ప్రయాణంలో చిత్తూరు ఇంకా రెండు మైళ్ళుండగా ఉన్న ఊపిరీ ఆగింది.

ఆసుపత్రిలో డాక్టర్ జయంతి ఆమెను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. నరం పంపిన ఆజ్ఞ కండరానికి చేరాక, దాన్ని తుడిచివేసే పదార్థం ఒకటి శరీరంలో ఉంటుంది. పురుగుమందు దాన్ని పనిచేయనివ్వదు. ఆజ్ఞలు పేరుకుపోతాయి, చివరికి కండరం దేనికీ పలకదు. మనిషి కోలుకున్నాడనుకున్న రెండో మూడో రోజున ఇది జరుగుతుంది. ముందు మెడ పడిపోతుంది, తరువాత ఊపిరాడించే రొమ్ము. తాగినా, ఒంటి మీద కారినా అంతే. దేవుడికీ దీనికీ సంబంధం లేదు.

“పొద్దున దిండు మీంచి తల ఎత్తగలిగినాడా?” అని అడిగింది డాక్టర్.

నాగులమ్మకు గుర్తొచ్చింది. కాఫీ తాగించడానికి ఆ తలను తానే ఎత్తిపట్టుకుంది.

డాక్టరుకు జాలి కలిగింది. ఓదార్చాలనే అన్నది: “నువ్వు పక్కనే ఉండావని ఆయనకు తెలుసమ్మా. పొయ్యేది కండరాలే. తెలివి సానాసేపు అట్లనే ఉంటాది, చెవులు వింటానే ఉంటాయి.”

“నేను అడిగిందీ విన్యాడామ్మా?”

ఏమి అడిగిందో డాక్టరుకు తెలియదు.

“అంతా విన్యాడు తల్లీ,” అన్నది.