పిడిలోపలి తుప్పు

కురమోచి ముసలాయనకి చూపు పోయినా కత్తుల్ని చదవడం మాత్రం పోలేదు. పిడి ఊడదీసి, లోపల దిగి ఉండే ఇనుప కాడని బొటనవేలితో తడిమితే చాలు, తుప్పు గరుకుని బట్టి ఏ కాలందో, ఏ కమ్మరిదో చెప్పేసేవాడు. బిజెన్ సీమలో కత్తుల బేరగాళ్ళు ఆయన వేలికి భయపడేవారు.

ఇప్పుడు మంచం దిగడం లేదు. తాతల నాటి కత్తిని ఆఖరిసారి పట్టుకుంటానన్నాడు. షిగెతో అనే కొడుకు దాన్ని తెచ్చి చేతికిచ్చాడు. ముసలాయన తడుముకుంటూ తనే పిడిని పట్టి ఉంచే వెదురు మేకు తోసి, పిడి లాగాడు.

కాడ మీద బొటనవేలు జారింది. మళ్ళీ జారింది.

"ఇది మనది కాదు. ఎవడికి అమ్మావురా?"

"అమ్మడమేంటి నాన్నా! మనదే!"

"దొంగ వెధవా! నేను చచ్చేదాకా ఆగలేకపోయావా?"

కొడుకు కాడ వంక చూశాడు. అద్దంలా మెరుస్తోంది. చెక్కిన కమ్మరి పేరు సగం అరిగిపోయింది.

కోడలు హత్సుఎ చేతిలోని జావ గిన్నెని గుమ్మంలోనే దించేసింది. మావగారు సంతోషిస్తారని పిడి ఊడదీసి, కాడని గరుకు కాగితం పెట్టి తోమింది తనే. కత్తుల పెట్టె దగ్గరికి ఆడవాళ్ళని రానివ్వని ఇంట్లో, తుప్పు ముట్టకూడదని ఆమెకి చెప్పిందెవరు?

"ఆయన్ననకండి మావయ్యా. నేనే తోమాను. తుప్పు పట్టిందని..."

ముసలాయన వేలు ఆగిపోయింది. కత్తిని పక్కమీద వదిలేసి గోడవైపు తిరిగాడు.

"వాడు అమ్మేసుంటేనే బాగుండేది," అన్నాడు. "ఎవడింట్లోనో బతికుండేది."