మూడో గీత

మొండయ్య, లింబాద్రి ఇద్దరూ కుమ్మరోళ్లే. జగిత్యాల దిక్కు ఒక్కూరోళ్లు. సౌదీల జుబైల్ దగ్గర పాతకాలపు ఊరిని తవ్వుతుంటే అండ్ల మట్టి తీసే పని దొరికింది. కుమ్మరోనికి ఎడారికొచ్చినా మట్టి తప్పలేదు, సూడుండ్రి!

ఓనాడు లింబాద్రి తాపీకి నోరు మూసిన కుండ తగిలింది. మూతికి ఎండిన మట్టిబిళ్ల, దాని మీద ముద్ర. దొరికినవన్నీ రాసుకునే హైదరాబాదీ ఫయాజ్ సంబరపడ్డడు.

"రెండువేల ఏండ్ల కిందటి బేపారిది భాయ్! ముద్ర జూసే సరుకు ఎవరిదో గుర్తువట్టేది. ముద్ర చెడితే ఎవడూ ముట్టకపోయేది."

"గింతేనా? మా తాత గూడ కుండల మీద గుర్తు పెట్టిండు," అని లింబాద్రి నవ్విండు.

నిజమే. ఊర్ల అందరి కుండలూ ఒక్క ఆవంలనే కాల్చేది. కలవకుండ ఎవరి గీతలు వాళ్లకుండేటివి. లింబాద్రి ఇంటోళ్లవి మూడు. సౌదీకొచ్చినంక ఇంటికి పంపే ప్రతి అట్టపెట్టె మీద ఇనుప మొలతోని అవే గీసేటోడు. చిన్నప్పుడు ఆవంల చెయ్యి కాలి, బొటనవేలు వంగకుంట బిర్రుగైంది గదా, మూడో గీత తోక వంకరపోయేది. "సక్కగ గీసుడు రాదుర నీకు," అని మొండయ్య ఎక్కిరించేటోడు. లింబాద్రి పెండ్లాం సునీతకు చదువు రాదు. గీతలు తడిమినంకనే తాడు కోసేది.

ఓ శుక్రవారం పగటి బువ్వ తిని ఒరిగిన లింబాద్రి మళ్ల లేవలేదు. గుండె ఆగిందన్నరు. మొండయ్య పోయి మొహం జూసి బోరున ఏడ్చిండు. ఫోన్ల సునీత మాత్రం ఒక్కటే మాట.

"పక్కూరోళ్లకు పోయినేడు ఎవరిదో శవం పంపిండ్రు. కాగితాలు నేను నమ్మనన్నా. నువ్వు గూడ పొరపాటు వడ్డవేమో! ఆయన యాడ్నో బతికే ఉన్నడు. పెట్టె మీద మా గుర్తుంటెనే నమ్ముత."

శవాన్ని పెట్టెల పెట్టిననాడు మొండయ్య జేబుల మొల ఏస్కపోయిండు. పేరు, నంబరు కాగితం అప్పటికే అంటిచ్చిండ్రు. ఆడున్నోళ్లను బతిమాలుకొని మూలకు వంగి గీసిండు. దోస్తుకు ఆఖరి గుర్తాయె, వంకర పోవద్దని ఊపిరి బిగవట్టి మూడూ నిదానంగ గీసిండు.

నాలుగొద్దులకు సునీత ఫోన్ చేసింది.

"పెట్టె ముట్టిందా చెల్లే? గీతలు సూసినవా?"

"తడిమిన. మూడూ సక్కగున్నయన్నా."

మొండయ్యకు లింబాద్రి మూడో గీత వంకర యాదికొచ్చింది.

"అయ్యో, చెల్లే, అది నేను..."

"నువ్వే గీసినవని ఎరికైంది," అని సునీత వెక్కివెక్కి ఏడ్చింది. "ఆయన చెయ్యి ఆడితే నీతోని గీయిస్తడా అన్నా?"