పన్నెండు నవలల పేర్లు

జనన మరణాల నమోదు కార్యాలయంలో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా చేసిన ఆవిడకి మరిది మీద కక్ష పుట్టింది ఒక సభలో. అంతకుముందు ఉన్నది వట్టి కోపమే. కోపాన్ని ఎన్నిసార్లయినా దిగమింగుకోవచ్చు.

మరిది నవలలు రాస్తాడు. అప్పటికి పదకొండు రాశాడు. వాటిలో మనుషులకి లోకంలో ఎక్కడా వినని పేర్లుంటాయి. పుప్పొడి అనే పిల్ల, నెగడు అనే దొంగ. పాఠకులు కథ మరిచిపోయినా ఆ పేర్లు మరిచిపోరు. అవన్నీ వదిన ఇచ్చినవే! చెదలు తిన్న పాత రిజిస్టర్లు తిరగేసి, ఎవరూ వాడని పేరు ఏరి, ఆ పేరుతో బతికున్నవాళ్ళు ఒక్కరూ లేరని సరిచూసుకుని మరీ ఇచ్చేది. నవల మొదలెట్టే ముందు ఆ మహానుభావుడు వంటింటి గడప మీద కూర్చుని, "వదినా, ఒక్క పేరు వదినా" అని ప్రాణం తోడేసేవాడు.

ఆ రోజు సభలో ఎవరో లేచి, ఈ పేర్లు మీకెలా తడతాయండీ అని అడిగారు.

"కళ్ళు మూసుకుంటే వచ్చేస్తాయండీ," అన్నాడు మరిది. "అందరికీ రావు. మా వదినే ఉంది, పొద్దస్తమానం పేర్లు రాసే ఉద్యోగం. ఒక్క పేరు గుర్తుంటే ఒట్టు!"

హాలంతా గొల్లుమంది. మూడో వరసలో కూర్చున్న ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక మొగుడు, "పోనిద్దూ, వాడికి నోటిదురుసు" అన్నాడు. పోనివ్వడమట! ఇన్నాళ్ళూ పోనిచ్చింది చాలు. ఆ పేర్లు నావని వాడి చేతనే అచ్చులో చెప్పించకపోతే నేను మనిషినే కాదు, అనుకుంది.

ఆరు నెలలు ఆగింది, రిటైరయ్యేదాకా. ఉద్యోగంలో ఉండి చేసే పని కాదు మరి. రిటైరైన వారానికే మరిది వచ్చి గడప మీద కూలబడ్డాడు. ఈసారి విలన్‌కి పేరు కావాలిట.

"గుమ్మటం," అంది తడుముకోకుండా.

"అబ్బ, ఏం పేరు వదినా! ఎవరికీ లేదుగా?"

"ఇప్పుడా పేరుతో ఎవరూ లేరు."

అబద్ధం కాదు. ఆ పేరుతో పుట్టిన మనిషి పాతికేళ్ళ వయసులో ఆఫీసులో ఆవిడ కిటికీ దగ్గరికొచ్చాడు. బళ్ళో పిల్లలు ఎలా ఏడిపించారో చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పేరు మార్పించుకుని వెళ్ళాడు. ఆయనే ఇప్పుడు మరిది పుస్తకాలు వేసే ప్రచురణకర్త. ఆయన ఏ పాపం ఎరగడని ఆవిడకి తెలుసు. రెండు రోజులు ముద్ద దిగలేదు కూడా. అయినా ఇచ్చిన పేరు వెనక్కి తీసుకోలేదు.

ప్రచురణకర్త రాతప్రతులు చదివే రకం కాదు. పుస్తకం బజార్లోకి వచ్చేసింది. మూడు వందల పేజీల పొడుగునా గుమ్మటం అందరిచేతా తన్నులు తింటాడు. చిన్ననాటి స్నేహితుడొకడు ఫోన్ చేసి పగలబడి నవ్వేదాకా ఆయనకి సంగతి తెలియలేదు. తెలిసిన గంటలో మరిదిని పిలిపించాడు.

"పాతిపెట్టుకున్న పేరు తవ్వి తీసి నన్నే తన్నిస్తావా? ఎవరిచ్చారు నీకు? సంతకం పెట్టి రాసియ్యి. పేరు మార్చి మళ్ళీ అచ్చేస్తా, ఆ కాగితం మొదటి పేజీలో వేస్తా. లేదా, నీ పుస్తకం ఇంకొకటి నా దగ్గరికి రాదు!"

మరిది పరుగున వచ్చి పడ్డాడు. "వదినా, కొంప ముంచేశావు!"

"ఇచ్చింది నేనేగా. రాసియ్యి." కాగితం, కలం ఆవిడే తెచ్చింది.

గుమ్మటం అనే పేరు మా వదిన ఇచ్చింది, అని రాశాడు. ఆవిడ చదివింది.

"కొట్టెయ్. పన్నెండు నవలల్లో ప్రతి పేరూ మా వదిన పెట్టిందే అని రాయి. లేకపోతే ఇదీ నేనివ్వలేదంటాను. పేర్లే గుర్తుండని దాన్ని, నన్నెవరు అనుమానిస్తారు?"

మరిది ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"అలా రాస్తే ఇంక నాకేం మిగులుతుంది వదినా?"

"కథలున్నాయిగా. అవి నీవేగా?"

ఆ కథలు ఎవరికి గుర్తున్నాయో ఇద్దరికీ తెలుసు. ఆవిడకి పిసరంత జాలి కూడా కలగలేదు. మరిది తలొంచుకుని మొదటినుంచీ మళ్ళీ రాశాడు. సంతకం కింద తేదీ కూడా వేయించుకుంది.