జపమాల అయ్యేదాకా

రోజారాణి పట్టిన పట్టు ఒక పట్టాన విడిచే మనిషి కాదు. బెల్లంపల్లిలో వారం వారం మందిరానికి పోయి ఉపవాస ప్రార్థన చేసే ప్రొటెస్టెంటు విశ్వాసురాలు. అలాంటి ఆమె బిడ్డ మమతారాణి పోయి పోయి ఆర్‌సీఎం వాళ్ల, అంటే రోమన్ కాథలిక్కుల పిల్లగాడు రాకేశ్‌ను చేసుకుంటానని కూర్చుంది. "మరియమ్మను దేవత జేసి మొక్కెటోళ్ల ఇంటికి పిల్లనియ్య. గా మాట నేనే మొఖం మీద చెప్పొస్త," అని బిడ్డను కూడా వెంటబెట్టుకుని మరీ బయలుదేరింది. మమత దారంతా ఏడుపు ఆపుకుంటూ నడిచింది.

రాకేశ్ తండ్రి దేవదాస్ బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మనిషి. అక్టోబరు నెల కదా, ఆర్‌సీఎం వాళ్లు మరియమ్మ స్వరూపాన్ని రోజుకో ఇంటికి తీసుకుపోయి పూసలు తిప్పుతూ జపమాల ప్రార్థన చెప్పుకుంటారు. సరిగ్గా ఆ సాయంత్రం వంతు దేవదాస్ ఇంటిదే. వాకిట్లో చెప్పుల కుప్ప, లోపల పూల మధ్య స్వరూపం, దాని ముందు కొవ్వొత్తులు. చూడగానే రోజారాణికి ఒళ్లు మండింది.

దేవదాస్ గుమ్మం దాకా వచ్చాడు. "లోపటికి రా చెల్లె."

"ఈడనే ఉంట సారూ. మీది కానియ్యుండ్రి."

వాడకట్టులో అందరినీ అన్నా అని పిలిచే నోరే అది. కానీ ఇతన్ని అన్నా అంటే వరస కలిసిపోతుంది. అన్న కొడుక్కి పిల్లనియ్యనని ఏ మొహంతో చెబుతుంది? అందుకే సారు.

అరుగు మీద కూర్చుని చెవులు రిక్కించింది, తప్పు పట్టడానికే. పూసపూసకూ మరియమ్మ పేరే. చూసినవా అన్నట్టు బిడ్డకేసి చూసింది. అప్పుడు చెవిన పడిందా మాట: మా కొరకు ప్రార్థించండి. మళ్లీ అదే, మళ్లీ అదే. వీళ్లు మరియమ్మను ఇయ్యమని అడగడం లేదు, కొడుకునడిగి ఇప్పించమంటున్నారు. పది పూసలు కాగానే పరలోక ప్రార్థన మొదలైంది. రోజారాణి పెదవులు వాటంతటవే కదిలాయి. తాను దేవుణ్ని నువ్వు అంటుంది, వీళ్లు మీరు అంటున్నారు. అంతకుమించి తేడా ఏం కనబడలేదు.

ఆ తర్వాత దేవదాస్ గొంతు వినిపించింది. "బహ్రెయిన్ల ఆపరేషనై దవాఖానల ఉన్న లక్ష్మణ్ కోసం. మంచిగై ఇంటికి రావాలె."

లక్ష్మణ్ రోజారాణి పెనిమిటి, పని కోసం బహ్రెయిన్ పోయిన మనిషి. ఆపరేషన్ కబురు తెలిసినప్పటి నుంచి ఆమె మందిరంలో కనబడ్డ ప్రతివాళ్ల చేయీ పట్టుకుని, మా ఆయన కోసం ప్రార్థన చెయ్యుండ్రి అని బతిమాలుతూనే ఉంది. అడిగినంత మాత్రాన వాళ్లందరినీ దేవుళ్లను చేసిందా? మరి ఏసును కన్నతల్లిని అడిగితేనే తప్పొచ్చిందా? పైగా ఈ ఇంటివాళ్లను తాను అడగనైనా లేదు. తిట్టిపోదామని వచ్చిన గుమ్మంలో తన మొగుడి పేరు వినేసరికి సిగ్గూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కొంగుతో ముఖం తుడుచుకుంది.

జపమాల అయ్యాక దేవదాస్ చాయ్ తెచ్చిచ్చాడు. "ఏదో చెప్పాలని వచ్చినవట చెల్లె. చెప్పు."

మమత తల దించుకుంది.

"గా బొమ్మకు నేను మొక్క. నా బిడ్డతోని మొక్కించొద్దు."

"బొమ్మకు మేం గూడ మొక్కం. బొమ్మ ఎవలదో ఆమెను యాది చేసుకుంటం, మా కోసం అడుగుమంటం. దేవుని కాడికి పోయినోళ్లు బతికున్నట్టే గదా. ఇగ పిల్ల మనసు పిల్లది. జబర్దస్తీ ఏం లేదు."

రోజారాణి చాయ్ తాగింది. ఊరుకుంటే ఆమె రోజారాణి ఎట్లా అవుతుంది? "గది సరే, దేవుణ్ని మీరు మీరు అనుడేంది, పరాయోని లెక్క?"

"పెద్దాయన గదా."

ఆమెకు నవ్వొచ్చింది. ఖాళీ గ్లాసు అతని చేతికిచ్చింది. "మా ఆయన మంచిగై వచ్చినంక ప్రధానం ముచ్చట పెట్టుకుందాం, అన్నా."

ఆ పిలుపు విని మమత గబుక్కున తలెత్తింది. దేవదాస్ ఆ గ్లాసు మమత చేతిలో పెట్టాడు.

"కోడలా, మీ అవ్వకు ఇంకింత చాయ్ పట్టుకరా పో."